అత్తయ్యగారి ఇసక

మా ఇంట్లో రెండు నెలలుగా ఒక స్థలం గొడవ నడుస్తోంది. పెద్ద ఆస్తి అనుకునేరు, రెండున్నర సెంట్లు. ఉప్పాడలో, రోడ్డుకి లోపలివైపు. అమ్మేవాళ్లు అత్తయ్యగారికి దూరపు చుట్టాలే. తన గాజులు అమ్మయినా సరే అది కొనాలని ఆవిడ, ససేమిరా వద్దని మావారు. తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయి, "మీ అమ్మకి కాఫీ ఇచ్చావా?", "వాడు భోంచేశాడా?" అని నా ద్వారా నడుస్తున్నాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగం అన్నమాట, జీతం లేకుండా.

అత్తయ్యగారిది ఉప్పాడ. పుట్టిల్లూ అదే, మెట్టినిల్లూ అదే. నేత కుటుంబం. ఉప్పాడ జాందానీ చీరలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి, అటూ ఇటూ ఒకేలా కనబడే బుటా. ఒక్కో చీరకి ఇద్దరు కూర్చుని నెలల తరబడి నేస్తారు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు వచ్చిన ఊరే కొంచెం కొంచెంగా సముద్రంలోకి పోతోంది. నా పెళ్లినాటికి అత్తయ్యగారి ఇంటి వెనక గుమ్మం నుంచి సముద్రానికి రెండు వీధులు ఉండేవి. తర్వాత ఒక వీధి అయింది. మూడేళ్ల కిందట ఒక తుఫానుకి ఇల్లే పోయింది. అప్పటినుంచీ కాకినాడలో మా దగ్గరే ఉంటున్నారు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ సముద్రం చూడలేదు. కాకినాడలో ఉంటూ సముద్రం చూడకుండా ఉండటం తేలికేమీ కాదు. ఆదివారం సాయంత్రం అందరం బీచికి బయల్దేరితే "మీరెల్లండి, నాకు మోకాళ్లు" అనేవారు. అదే మోకాళ్లతో అన్నవరం కొండ మెట్లు ఎక్కారు మరి!

సరే, విషయానికొస్తాను. మార్చి నెలాఖరున మా అమ్మాయి క్లాసులో ఎవరో చెప్పారట, హోప్ ఐలాండులో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారని. ఇక అన్నం తింటే తాబేలు, పడుకుంటే తాబేలు. మావారు తెలిసినవాళ్లని అడిగి, అనుమతులవీ చూసుకుని ఒక ఆదివారం తెల్లవారుజామున పడవ కుదిర్చారు. ముందురోజు రాత్రి నేను పులిహోర కోసం చింతపండు నానబెడుతుంటే అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "నాక్కూడా కలుపు" అన్నారు. పులిహోర గురించి అనుకున్నాను. "పడవలోకీ" అన్నారు.

మావారు నా వైపు చూశారు, నేను చింతపండు వైపు చూశాను.

కాకినాడ మ్యాపు ఎప్పుడైనా చూశారా? ఊరికి ఎదురుగా సముద్రంలో, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, సన్నగా పొడుగ్గా ఒక గీత ఉంటుంది. అదే హోప్ ఐలాండ్. పేరుకి దీవి గానీ నిజానికి ఇసక దిబ్బ, గోదావరి పోసిన ఇసక. ధవళేశ్వరం దిగాక గోదావరి పాయలుగా చీలుతుంది కదా, అందులో గౌతమి పాయ యానాం దాటి సముద్రంలో కలిసేచోట ఇసకని దింపుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం నుంచి వచ్చే అలలు ఆ ఇసకని ఉత్తరానికి నెట్టుకుంటూ వస్తాయి. అలా నెట్టగా నెట్టగా రెండు వందల ఏళ్లలో పదహారు కిలోమీటర్ల పొడవున నేల తయారైంది. అంటే అత్తయ్యగారి ముత్తాత తాత కాలంలో అక్కడ నీళ్లే.

దీనివల్లే కాకినాడ రేవుకి అలల పోటు తక్కువ. దిబ్బకీ ఊరికీ మధ్య నీళ్లు చెరువులా ఉంటాయి. అంతకుముందు పేరున్న రేవు కోరంగి. బర్మా వెళ్లిన మనవాళ్లని అక్కడివాళ్లు కోరంగీలు అనేవారంటే ఎంతమంది ఆ రేవున ఓడ ఎక్కి ఉంటారో ఆలోచించండి. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలకి కోరంగి దెబ్బతింది. తుఫానుకి సైక్లోన్ అనే మాట పెట్టిన హెన్రీ పిడ్డింగ్టన్ కూడా, కలకత్తాలో కూర్చుని, మన కోరంగి ఉప్పెన గురించి రాశాడు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీశాడట ఆ పేరుని. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవి. 1978 నుంచి అభయారణ్యం.

ఉప్పెన మాట ఎత్తితే నాకు ఇంకో విషయం గుర్తొస్తుంది. నేను ముమ్మిడివరం దగ్గర పల్లెటూళ్లో పెరిగాను. 1996 నవంబరు 6 రాత్రి నాకు పదమూడేళ్లు. తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. నాన్న గట్టు మీద కూర్చుని చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశారు. సముద్రం ఒడ్డున భైరవపాలెం వైపు ఊళ్లలో మనుషులే పోయారు. అందుకే మావారిలా నేను అత్తయ్యగారిని "అర్థం చేసుకోదు" అని గట్టిగా అనలేను. అలాగని ఆ స్థలం కొనమనీ అనలేను.

నాలుగున్నరకి జెట్టీ దగ్గరున్నాం. సరంగుకి యాభై ఏళ్లుంటాయి. అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని ఎక్కిస్తూ "ఏ ఊరండీ తమది?" అన్నాడు. "ఉప్పాడ" అన్నారీవిడ. "ఆయ్!" అన్నాడు, ఇంకేమీ అడగలేదు. ఆ ఊరి పేరు వింటే ఈ తీరంలో ఎవరికీ తర్వాతి ప్రశ్న రాదు.

పడవ రేవు దాటాక చీకట్లో పెద్ద ఓడల దీపాలు కనిపించాయి. నీళ్లు కదలడం లేదు. అత్తయ్యగారు పైట చెవుల మీదుగా కప్పుకుని, చూపంతా పడవ అడుగునే పెట్టి కూర్చున్నారు. తెలతెలవారుతుండగా నీళ్లు పల్చబడి బురద మేటలు బయటపడ్డాయి. వాటి మీద వేలకొద్దీ చిన్న పిట్టలు. పడవ చప్పుడుకి ఒక్కసారి లేచి, గాలిలో దుప్పటి విదిలించినట్టు మలుపు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. "ఉల్లంకి పిట్టలండి, చలికాలం వచ్చి ఎండలు ముదిరితే వెళ్లిపోతాయి" అన్నాడు సరంగు. వీటిలో గ్రేట్ నాట్ అనే పిట్ట సైబీరియాలో గుడ్లు పెట్టి, చలికి ఇక్కడిదాకా వస్తుంది. ఆ చిన్న ప్రాణానికి అంత దూరం నుంచి మన కాకినాడ బురద ఎలా గుర్తుంటుందో! మా అమ్మాయికి మాత్రం స్కిమ్మర్లు నచ్చాయి. నారింజరంగు ముక్కు, పైదానికన్నా కిందిది పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని చీరుకుంటూ ఎగురుతుంది. "బట్టలకొట్లో గుడ్డ కోస్తారు చూడు, అలా వెళ్తోందమ్మా" అంది. నేతవాళ్ల మనవరాలు కదా.

దిబ్బకి ఊరివైపు ఒక లోకం, సముద్రంవైపు ఇంకో లోకం. ఊరివైపంతా మడ. బురదలోంచి వేళ్లు పెన్సిళ్లలా పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి. చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది, ఎందుకంటే ఆ బురద లోపల గాలి ఆడదు. సరంగు ఒక మడాకు తుంచి అమ్మాయికిచ్చి నాలిక మీద పెట్టుకోమన్నాడు. ఉప్పు! వేళ్లతో తాగిన ఉప్పుని ఆకుల మీదకి చెమటలా వదిలేస్తుంది. పక్కనే తిల్ల చెట్టుంటే మాత్రం "దాని జోలికెళ్లకు తల్లీ, పాలు కంట్లో పడితే కన్ను పోద్ది" అని వెనక్కి లాగాడు. బురద మీద పిల్లి అడుగుల్లాంటివి చూపించి బావురుపిల్లి అన్నాడు. చేపలు పట్టుకునే పిల్లి, మన ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. కోరంగిలో ఇదీ, నీటికుక్కలూ ఉంటాయి. మాకు అడుగులే దక్కాయి. అవి చాలని మావారు, చాలవని అమ్మాయి.

నాలుగు పాకలు, కొన్ని వలలు, ఆరబెట్టిన చేపల వాసన దాటి ఇసక ఎక్కాం. ఎక్కేసరికి హోరు. అప్పటిదాకా లేని సముద్రం ఒక్కసారి ఎదురుగా వచ్చేసింది. దిబ్బ సన్నమైన చోట నిలబడితే ఎడంచెవికి నిశ్శబ్దం, కుడిచెవికి అలలు. అత్తయ్యగారు ఆగిపోయారు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ సముద్రాన్ని చూడలేదు, ఒంగి గుప్పెడు ఇసక తీసి చూస్తున్నారు.

ఆ ఇసక మీద బాలబంద తీగ పాకి ఉంది, ఊదారంగు పూలు. రావణాసురుడి మీసాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, ఎండితే గాలికి బంతుల్లా దొర్లుతాయి చూడండి, అవి. ఈ గడ్డీ తీగా లేకపోతే గాలికి ఇసక నిలవదు. ఎర్ర పీతలు మమ్మల్ని చూసి ఒకేసారి కన్నాల్లోకి దూరాయి, నేల మీంచి తివాచీ లాగేసినట్టు.

"ఇదంతా ఎక్కడిదిరా?" అన్నారు అత్తయ్యగారు. నేరుగా కొడుకుతో! రెండు నెలల తర్వాత! నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

మావారు చెప్పారు. గోదావరి, అలలు, ఉత్తరానికి నడవడం, ఇందాక నేను మీకు చెప్పిందంతా. ఉప్పాడ కోతకి చదువుకున్నవాళ్లు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. నది మీద కట్టిన ఆనకట్టలు ఇసకని పైనే ఆపేస్తున్నాయి, రేవుల కోసం కట్టిన గోడలు దాని దారి మారుస్తున్నాయి. ఈ దిబ్బ పెరుగుతున్నకొద్దీ దీని చాటున ఉన్న కాకినాడకి మేలూ, దీని చివర దాటాక ఉన్న ఉప్పాడకి కీడూ జరుగుతోందన్నది వాటిలో ఒకటి. ఇక్కడ ఆగిన ఇసక అక్కడికి చేరదు, ఇక్కడ విరగని అల అక్కడికెళ్లి విరుగుతుంది.

"అయితే మా ఇసక ఇక్కడుందన్నమాట" అన్నారావిడ. కోపంగా అనలేదు. పోయిన గిన్నె పక్కింట్లో కనిపిస్తే మనం ఎలా అంటాం, అలా. గుప్పెట్లోది మెల్లగా వదిలేశారు.

అక్కడికి కొంచెం దూరంలో చచ్చిన తాబేలు ఒకటి కొట్టుకొచ్చి ఉంది. పెద్దది, రెండడుగుల పైనే. కళ్ల చోట గుంటలు. అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. తాబేలు చేపలా నీళ్లలోంచి గాలి పీల్చలేదు, పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి. బోట్ల పెద్ద వలలో చిక్కితే పైకి రాలేక చచ్చిపోతుంది. అది తప్పించుకునేందుకు వలకి పెట్టే సాధనాలున్నాయి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమూ ఉంది. కానీ ఇవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేది ఆ నిషేధానికి ముందే, జనవరి నుంచి మార్చిలో. అమ్మాయి సరంగు వైపు నేరస్థుణ్ణి చూసినట్టు చూసింది. పాపం ఆయన, "కావాలని ఎవరూ పట్టరమ్మా. కూర్మావతారం కదా, మేం దణ్ణం పెట్టుకుంటాం. అది పడితే వల కూడా చిరిగిపోద్ది" అన్నాడు. రెండూ నిజమే అయ్యుంటాయి.

పిల్లల్ని వదిలేచోట కర్రలు పాతి వల చుట్టిన కంచె ఉంది. ఒడ్డున దొరికిన గుడ్లని తెచ్చి ఇందులో పాతిపెడతారు, లేకపోతే కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయి. ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది, యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడా మగా అన్నది తేలుతుందని అక్కడి కుర్రాడు చెప్పాడు. ఇసక బాగా కాగితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు.

"మా అమ్మకి ఐదుగురం ఆడపిల్లలమే. మండువేసవిలో కందేమో" అన్నారు అత్తయ్యగారు. మావారు పెద్దగా నవ్వేశారు. ఆయన నవ్వాక ఆవిడా నవ్వారు. నా టెలిఫోన్ ఎక్స్ఛేంజి మూసేయొచ్చు అనిపించింది.

బుట్ట వంచారు. అరచేతిలో మూడు నాలుగు పట్టేంత పిల్లలు, తడిసిన బొగ్గు రంగు. ఒక నిమిషం ఏమీ తోచనట్టు పడున్నాయి. తర్వాత ఒకటి కదిలింది, అన్నీ కదిలాయి. నీటి మీది వెలుగు చూసి అటు నడుస్తాయట. అందుకే ఒడ్డున వీధిదీపాలుంటే తికమకపడి ఊళ్లోకి పోతాయి. మన కాలిగుంట వాటికి నుయ్యి. ఒకటి అలా మావారి అడుగులో పడి దేకుతుంటే అమ్మాయి ఎత్తబోయింది, కుర్రాడు వద్దన్నాడు. అదే ఎక్కి వెళ్లాలట. మొదటి అల వచ్చి సగాన్ని వెనక్కి విసిరింది, రెండో అల తీసుకుపోయింది. వెయ్యింటికి ఒకటో రెండో పెద్దవవుతాయంటారు.

"ఆడవైతే పెద్దయ్యాక మళ్లీ ఇక్కడికే వస్తాయండి గుడ్లు పెట్టడానికి, పుట్టిన తీరం మర్చిపోవు" అన్నాడా కుర్రాడు అత్తయ్యగారితో.

అప్పుడు ఆవిడ మొదటిసారి తలెత్తి సముద్రాన్ని చూశారు. చాలాసేపు చూశారు. "మా ఊరికీ వచ్చేవి. చిన్నప్పుడు వెనక గుమ్మంలోంచి చూసేవాళ్లం, వెన్నెల్లో బండలు నడిచొచ్చినట్టుండేది. ఇప్పుడు ఒడ్డంతా రాళ్లు పోశారుగా, వచ్చినా ఎక్కడికెక్కుతాయి?" అన్నారు. ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు.

పులిహోర తినేటప్పుడు ఇల్లు పోవడం గురించి చెప్పారు. మూడేళ్లలో ఆ సంగతి నాతో మాట్లాడింది అదే మొదలు. అందరూ తుఫాను రోజు గోడ పడటం గురించి అడుగుతారు, కానీ ఇల్లు పోయింది అప్పుడు కాదట. అంతకు నాలుగేళ్ల ముందే ఒకరోజు పొద్దున్న మావగారు మగ్గం మీద కూర్చుని గుంటలోకి కాళ్లు దించితే చల్లగా తగిలిందట. గుంటలో నీళ్లు ఊరుతున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఏమీ అనకుండా లేచి, సగం నేసిన చీర ఎవరికి అప్పజెప్పాలో చూసుకోవడానికి వెళ్లారట. "ఆ రోజే తెలిసింది ఆయనకి. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నారు. మావారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆయనకీ తెలియదు ఈ సంగతి.

తిరిగొచ్చేటప్పుడు ఆటుకి నీళ్లు తీసి పడవ రెండుసార్లు బురదలో దిగబడింది. ఆ కథ ఇంకోసారి చెప్తాను, మావారి ప్యాంటు గురించి కాబట్టి ఆయన ఊళ్లో లేనప్పుడు.

రెండు రోజుల తర్వాత రాత్రి మావారే వంటింట్లోకొచ్చి, "ఆదివారం అమ్మని తీసుకెళ్లి ఆ స్థలం చూపిస్తాను. చూశాక కూడా కావాలంటే కొందాం" అన్నారు. గాజులు అమ్మొద్దని, తన పీఎఫ్ తీస్తానని కూడా అన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది, అబద్ధమెందుకు చెప్పాలి. అమ్మాయి ఇంటరు చదువు ముందుంది. కానీ ఆయన గొంతు విన్నాక నోరెత్తలేదు.

వెళ్లాం. బీచిరోడ్డు మీద రాళ్ల అవతల అలలు లేచి పడుతుంటే ఆటో అబ్బాయి అద్దం తుడుచుకుంటూ నడిపాడు. స్థలం బాగుంది. చదునుగా, తూర్పు ముఖం, పక్కన వేపచెట్టు. అమ్మేవాళ్లు కుర్చీలు వేసి, కొబ్బరిబొండాలు కొట్టించారు. మావారు రోడ్డు నుంచి సముద్రం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఏం లెక్క తేలిందో గానీ చెప్పకుండా వచ్చారు. అత్తయ్యగారు స్థలం వైపు చూడనేలేదు. తిన్నగా మూలనున్న చేతిపంపు దగ్గరికెళ్లి, నన్ను కొట్టమన్నారు. దోసిలి పట్టి, నీళ్లు పుక్కిలించి, కాసేపు నోట్లోనే ఉంచుకుని ఊసేశారు. పైటతో మూతి తుడుచుకున్నారు.

"పదరా, ఎండెక్కకముందే ఎల్దాం" అన్నారు.

దారిలో ఒక ఇంటి ముందు ఆటో ఆపించి, మగ్గం మీదున్న చీర చూసొస్తానని దిగారు. అరగంటైనా రాలేదు. నేను లోపలికెళ్లి చూస్తే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఆ ఇంటి కోడలికి బుటా ఎలా ఎత్తాలో చూపిస్తున్నారు.